వెడల్పు దువ్వెన

గ్రాంట్ సెల్విన్ నన్ను కూర్చోమనలేదు. నేనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మీకు జవాబు చెప్పాలని నాకేం చట్టం లేదు," అన్నాడు.

"లేదు. చెప్పకపోతే బయట మీ గుమ్మం ముందు నిలబడి అవే ప్రశ్నలు అడుగుతాను. బేకరీ ముందు వరసలో ఉన్నవాళ్ళంతా తీరిగ్గా వింటారు. మీ ఇష్టం."

మొహం మాడ్చుకుని లేచి తలుపేశాడు. మెర్రిగల్ ఊళ్ళో సగం పొలాల పన్ను లెక్కలు చూసేది ఈ మనిషే. కిందటి సెనేట్ ఎన్నికల్లో పార్టీ జాబితాలో రెండో పేరు ఇతనిది. మొదటి పేరు రోండా టల్లక్. ఆమె గెలిచి రాజధాని కాన్‌బెర్రాకి వెళ్ళింది, ఇతను ఓడి ఈ గదికి తిరిగొచ్చాడు.

"బెర్ట్ క్విల్టీ చచ్చిపోతే ఎవరికి లాభం?" అని అడిగాను.

"పోలీసుల్ని అడగండి. డీన్ టల్లక్‌ని లోపలేశారుగా."

"మిమ్మల్ని అడుగుతున్నాను."

"రోండా మిమ్మల్ని నా మీదికి ఉసిగొల్పిందా?" ఎగతాళిగా నవ్వాడు. "తమ్ముణ్ణి విడిపించడానికి మిమ్మల్ని పెట్టుకుందట. విన్నాను. నన్ను ఇరికిస్తే తమ్ముడు బయటికొస్తాడు, కుర్చీకి పోటీ కూడా పోతుంది. తెలివైనదే."

అందులో అబద్ధం లేదు. సోమవారం రోండా నన్ను పిలిచి చెప్పిన మొదటి పేరు ఇతనిదే.

జరిగింది ఇది. శనివారం సాయంత్రం పబ్‌లో బెర్ట్ క్విల్టీ, గొర్రెల ఉన్ని కత్తిరించి కత్తిరించి నడుం వంగిపోయిన ముసలాయన, అందరి ముందూ డీన్‌తో అన్నాడు: "మీ అక్క ఆ కుర్చీలో కూర్చోడానికి లేదు. మీ నాన్న ఈ ఊరివాడు కాదు. సముద్రం అవతల, న్యూజిలాండ్‌లో గోర్ అనే ఊళ్ళో పుట్టాడు." డీన్ ఆయన కాలర్ పట్టుకుని, "ఇంకోసారి ఆ మాటంటే చంపేస్తాను" అన్నాడు. పబ్ మొత్తం విన్నది. ఆదివారం పొద్దున టల్లక్‌ల కత్తిరింపు షెడ్డు కింద బెర్ట్ తల పగిలి పడి ఉన్నాడు. శవాన్ని మొదట చూసిందీ డీనే, పోలీసులకి ఫోన్ చేసిందీ డీనే. ఆ తరవాత అతను నోరు విప్పలేదు. ఇవాళ సాయంత్రం లోపు హత్యానేరం మోపుతారు. ఇద్దరు పసిపిల్లల తండ్రి జైల్లోనే ముసలివాడైపోతాడు.

"అయితే రాజ్యాంగంలో ఈ సెక్షన్ నలభై నాలుగు గొడవేంటో మీరే చెప్పండి," అన్నాను. "మీకు కంఠతా వచ్చి ఉంటుంది."

"వచ్చు. దాచుకోను." కుర్చీలో వెనక్కి వాలాడు. "పరాయి దేశపు పౌరసత్వం ఉన్నవాళ్ళు మన పార్లమెంటుకి ఎన్నిక కావడానికి వీల్లేదు. వాళ్ళ నాన్న న్యూజిలాండ్‌లో పుట్టి ఉంటే, రోండా ఇక్కడే పుట్టినా సరే, పుట్టుకతోనే ఆ దేశపు పౌరురాలు. అడగక్కర్లేదు, సంతకం పెట్టక్కర్లేదు. తండ్రి ముక్కు వచ్చినట్టే అదీ వస్తుంది."

"ఆమెకి తెలియకపోతే?"

"తెలియకపోవడం కోర్టుకి పట్టదు. పాపం, అమాయకంగా పదవి పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమంది లేరు."

"రేపే వదులుకుంటానంటే?"

"బస్సు వెళ్ళిపోయాక టికెట్ కొన్నట్టుంటుంది. నామినేషన్ వేసిన రోజుకే వదులుకుని ఉండాలి."

"మళ్ళీ ఎన్నిక?"

"సెనేట్‌కి ఉండదు. ఆమె పేరు కొట్టేసి అవే ఓట్లు మళ్ళీ లెక్కిస్తారు. అప్పుడు కుర్చీ..." సిగ్గు లేకుండా చెప్పాడు. "నాది."

"అంటే చంపడానికి కారణం ఉందని ఒప్పుకుంటున్నారు."

"మీకు బుర్ర ఉందనుకున్నాను." టేబుల్ మీద చేత్తో కొట్టాడు. ఆ అరచెయ్యి మీద కాలిన బొబ్బ ఉంది. "చచ్చిపోయిన వాళ్ళ నాన్న ఏంగస్ టల్లక్ ఎక్కడివాడో తెలిసిన మనిషి ఈ భూమ్మీద బెర్ట్ ఒక్కడే. నేను హైకోర్టుకి వెళ్ళాలంటే నాకు కావలసిన సాక్షి అతనే. అతన్ని నేను చంపుతానా? దుమ్ము పడకుండా నెత్తిన పెట్టుకుని కాన్‌బెర్రా తీసుకెళ్ళేవాణ్ణి. ఇక ఆదివారం పొద్దున నేనెక్కడున్నానంటారా, మంటలార్పే వాలంటీర్లకి మైదానంలో సాసేజ్‌లు వేయిస్తున్నాను. సగం ఊరు నా చేతి సాసేజ్ తిన్నది. ఈ బొబ్బ అక్కడిదే."

నేనూ తిన్నాను. ఒకవైపు మాడిపోయింది. ఆ మాట పైకి అనలేదు.

"బెర్ట్ మీతో మాట్లాడాడా?"

చూపు పక్కకి తిప్పుకున్నాడు.  

"శనివారం రాత్రి ఫోన్ చేశాడు. ఏంగస్ చేతిమిషను, ఆ ఉన్ని కత్తిరించే మిషను, ఇంకా షెడ్డులో వేలాడుతోందట. దాని దువ్వెన చూస్తే పని తెలిసిన ఏ ముసలాడైనా ఏంగస్ ఎక్కడివాడో చెప్తాడట. ఆదివారం మధ్యాహ్నం వచ్చి చూడమన్నాడు. నేను వెళ్ళేసరికి పోలీసులు గేటుకి రిబ్బను కట్టేశారు."

"మధ్యాహ్నం దాకా ఎందుకు ఆగమన్నాడు?"

"ముందు రోండాకి చెప్పాలట. వెనక నుంచి పొడవడం తన పద్ధతి కాదట. మా మాటలవగానే ఆమెకి ఫోన్ చేస్తానన్నాడు." నవ్వాడు. "ఏం, మీ యజమానురాలు చెప్పలేదా?"

చెప్పలేదు. నాకు ఒళ్ళు మండింది. ఇతని మీద కాదు.

*

టల్లక్‌ల షెడ్డు మెట్ల మీద సార్జెంట్ లైల్ మాడక్స్ కూర్చుని మాంసం కూరిన రొట్టె తింటున్నాడు. నేను పోలీసు ఉద్యోగం వదిలేసినప్పుడు నా కుర్చీలో కూర్చోబెట్టింది ఇతన్నే. సిడ్నీ నుంచి వచ్చాడు. ఎనిమిదేళ్ళయినా ఊరి ఈగల్ని ఇంకా రెండు చేతులతో తోలుకుంటూనే ఉంటాడు.

"వచ్చావా మహాతల్లీ," అన్నాడు. "నీ కోసమే తలుపు తీసి ఉంచాను. సెనేటరుగారు పైవాళ్ళతో ఫోన్ చేయించింది. లేకపోతే గేటు దగ్గరే నీ కారుకి తాళం వేయించేవాణ్ణి."

"నీ దయ. డీన్ ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. నిర్దోషి అయితే గొంతు చించుకుంటాడు. నోరు మూసుకున్నాడంటే లోపల ఏదో ఉంది."

"నీ భార్య కూడా నీ దగ్గర నోరు మూసుకునే ఉంటుంది కదా లైల్. ఆమెని కూడా పట్టుకెళ్తావా?"

రొట్టె చుట్టిన కాగితాన్ని నలిపి జేబులో కుక్కుకున్నాడు. "లోపలికి రా. ఏదీ ముట్టుకోకు."

షెడ్డులో ఉన్ని జిడ్డు వాసన. ఆ వాసనలోనే నేను పెరిగాను. మా అమ్మ ఇలాంటి షెడ్లలోనే కత్తిరింపువాళ్ళకి వంట చేసేది. కత్తిరింపుకి నాలుగు చోట్లు వరసగా ఉన్నాయి. ఒక్కో చోటు పక్కన నేలలో ఒక పెద్ద కంత, కత్తిరించిన గొర్రెని అందులోకి తోస్తే వాలుగా జారి కింద దొడ్లోకి పడుతుంది. ఒకటో చోటు దగ్గర కంత అంచున ఇనప పట్టీ ఉంది. ఆ పట్టీ మీద మరక ఎండిపోయి నల్లబడింది.

"ఇక్కడ నిలబడ్డాడు," మాడక్స్ చూపించాడు. "ఎవరో ఛాతీ మీద తోశారు. వెనక్కి పడ్డాడు, తల పట్టీకి కొట్టుకుంది, కంతలోంచి కిందికి జారాడు. కొట్లాట అంతే. ఆయుధం లేదు. ఆ తరవాత డీన్ ఆ మేకు మీది మిషను తీసుకుని ఎక్కడో పారేశాడు. వాళ్ళ నాన్న రహస్యం దాని మీదే ఉందని ముసలాడు ఊరంతా చెప్పుకున్నాడుగా."

ఒకటో చోటు పైన దూలం మీద, గొర్రెలకి గుర్తులేసే రంగుతో పెద్ద అక్షరాలు: ఎ.టి. ఏంగస్ టల్లక్. ఆ అక్షరాల కింద మేకు ఖాళీగా ఉంది. మేకు చుట్టూ చెక్క మీద మిషను ఆకారంలో దుమ్ము అంటని మచ్చ.

రెండడుగుల అవతల, రెండో చోటుకి ఇవతల, ఇంకో మేకు. దానికి ఇంకో పాత మిషను వేలాడుతోంది.

"అదెవరిది?" అన్నాను.

"బెర్ట్‌దట. ఉన్ని పని చేసేవాడికి మిషను ఉండదా?"

"ఉంటుంది. ఉండాలి." దగ్గరికి వెళ్ళాను. ముట్టుకోలేదు. మొహం దాని దగ్గర పెట్టి చూశాను. కాసేపు కదలకుండా అలాగే నిలబడ్డాను. 

"ఏంటి, పూజ చేస్తున్నావా?" అన్నాడు మాడక్స్.

"లైల్, నువ్వు గొర్రెని తినడం తప్ప దానికి ఇంకేమైనా చేశావా?"

"మాటలు తగ్గించు."

"ఇలా రా. ఈ మిషను మూతి దగ్గర పళ్ళున్న ఇనప ముక్క ఉంది చూడు. దాన్ని దువ్వెన అంటారు. ఉన్నిలోకి దూరేది అదే. ఇది ఎంత వెడల్పుంది?"

"నా నాలుగు వేళ్ళంత. అయితే?"

"మా చిన్నప్పుడు ఈ దేశంలో ఇంత వెడల్పు దువ్వెన వాడితే పళ్ళు రాలగొట్టేవాళ్ళు. యూనియన్ రూలు. సన్న దువ్వెనే వాడాలి. వెడల్పుది వాడితే ఒక్కడే ఇద్దరి పని చేస్తాడు, రెండోవాడికి కూలి పోతుంది అని. న్యూజిలాండ్‌లో ఆ రూలు లేదు. అక్కణ్ణుంచి వచ్చిన కుర్రాళ్ళు మూటల్లో ఇవే తెచ్చుకునేవాళ్ళు. ఎనభై మూడులో పెద్ద సమ్మె. బస గుడిసెలు తగలబెట్టారు. మా అమ్మ ఇద్దరు న్యూజిలాండ్ కుర్రాళ్ళని పిండి బస్తాల వెనక దాచింది, నేను తలుపు దగ్గర కాపలా. ఆ తరవాతే రూలు పోయింది. ఇప్పుడు అందరూ వాడేది వెడల్పుదే."

"ఇప్పుడు అందరూ వాడతారంటే ఇక దాంట్లో విశేషమేంటి?"

"ఏంగస్‌కి నడుం పడిపోయింది సమ్మెకి ముందు సీజనులో. ఆ తరవాత అతను ఒక్క గొర్రెనీ ముట్టుకోలేదు. ఊళ్ళో ఎవర్నైనా అడుగు. అతని మిషను అప్పుడు మేకెక్కింది, ఇక పనికి దిగలేదు. అప్పట్లో వెడల్పు దువ్వెన ఉండేది న్యూజిలాండ్ నుంచి చాటుగా తెచ్చుకున్నవాడి దగ్గరే. బెర్ట్ సంగతేమో తెలుసా? సమ్మెలో ముందు పళ్ళు రెండు పోగొట్టుకున్నవాడు. రూలు పోయాక కూడా చచ్చేదాకా సన్న దువ్వెనే వాడాడు. మొండి ముండాకొడుకు. అందరూ నవ్వేవాళ్ళు."

మాడక్స్ మిషనుకేసి చూశాడు, ఖాళీ మేకుకేసి చూశాడు. వెడల్పు దువ్వెన సంగతి అతనికి మెల్లగా ఎక్కుతోంది.

"అంటే ఇది ఏంగస్‌ది," అన్నాడు.

"ఇది ఏంగస్‌ది. పోయింది బెర్ట్‌ది."

"మరి ఆ అక్షరాలు?"

"ఏంగస్ మానేశాక ఆ చోటు బెర్ట్ తీసుకున్నాడు. వెలుతురు బాగుంటుందక్కడ. తన మిషను ఆ మేకుకి తగిలించి స్నేహితుడిది పక్కకి మార్చాడు. పైన అక్షరాలు మాత్రం చెరపలేదు. ఇక్కడ పనిచేసే ప్రతివాడికీ తెలుసు. డీన్ ఏటా రెండో చోటులో నిలబడి కత్తిరిస్తాడు. ఏటా ఈ రెంటి పక్కనే. తండ్రి రహస్యం దాచాలనుకుంటే డీన్ ఏం చేస్తాడు? రెండు మరలు తిప్పి దువ్వెన ఊడదీసి, వేరేది బిగిస్తాడు. అంతే. మిషను ఎత్తుకెళ్ళాల్సిన పనే లేదు. ఎత్తుకెళ్ళినా ఇదే ఎత్తుకెళ్తాడు."

"కంగారులో తప్పు తీసి ఉంటాడు."

"కంగారులో మనిషి దారి తప్పుతాడు. నాన్న పనిముట్టు తప్పడు."

పళ్ళు కొరికాడు. కేసు చేజారిపోతుంటే మాడక్స్ మొహం చూడాలి, చేతిలో ఐస్‌క్రీం కింద పడేసుకున్న పిల్లాడిలా ఉంటుంది. "అయితే సెల్విన్. వాడికీ గొర్రెకీ సంబంధం లేదు, అక్షరాలు చూసి తీసుకుని ఉంటాడు."

"సెల్విన్‌కి బెర్ట్ బతికి ఉండటం కావాలి. పైగా ఆదివారం పొద్దున నీకు సాసేజ్ వడ్డించింది ఎవరు?"

చొక్కా మీది రొట్టె పొడి దులుపుకున్నాడు. తిన్నాడన్నమాట.

అతని ఫోన్ మోగింది. విని, పెట్టేశాడు. "డీన్ మాట్లాడతానంటున్నాడట. నీ కథలన్నీ అయ్యాక నా కథ విందువుగాని."

"లైల్, ఒక్క పని చెయ్. పోయిన మిషను వాళ్ళ నాన్నది కాదు, బెర్ట్‌దని డీన్‌తో చెప్పు. చెప్పి మొహం చూడు."

"నాకు పాఠాలు చెప్పకు."

"చెప్తావు కదా?"

దిగి వెళ్ళిపోయాడు. చేతిసంచీలోంచి తొడుగులు తీసి వేసుకుని, ఆ మిషను మేకు మీంచి దించాను. తలుపు తీసి ఉన్న షెడ్డులో దాన్ని ఒంటరిగా వదిలి వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది.

*

మాడక్స్ జీపు వెళ్ళి గంటయ్యాక, నేనింకా షెడ్డులో వెతుకుతుండగా రోండా కారు వచ్చింది. తనే నడుపుకుంటూ వచ్చింది. మెట్లెక్కి లోపలికొచ్చి, ముక్కు చేత్తో మూసుకుంది.

ఈ ఇంటి ఆడపిల్లే. పన్నెండేళ్ళప్పుడు సిడ్నీ హాస్టల్లో వేశారు, ఆ తరవాత లా కాలేజీ, ఆ తరవాత పార్టీ. ఎన్నికల్లో మాత్రం ప్రతి మీటింగులోనూ ఒకటే పాట: నేను కత్తిరింపువాడి కూతుర్ని, మా నాన్న ఎనభై మూడు సమ్మెలో ముందు వరసలో నిలబడ్డాడు. బెర్ట్ గుండెల్లో నిప్పు పెట్టింది ఆ మాటే అయ్యుంటుంది. స్నేహితుడి పుట్టుక ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకున్న మనిషి, తన పళ్ళు రాలిన సమ్మెని ఆ స్నేహితుడి పేరున రాసుకోవడం భరించలేకపోయాడు.

"సెల్విన్ దగ్గరికి వెళ్ళావా?" అని అడిగింది.

"వెళ్ళాను. మీకు శనివారం రాత్రి బెర్ట్ ఫోన్ చేశాడట. నాతో ఎందుకు చెప్పలేదు?"

 "తాగి ఏదో వాగాడు. పెట్టేశాను. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఏం వాగాడు?"

"నాన్న న్యూజిలాండ్‌వాడని. నీకేమైనా పిచ్చా డెల్? నా జనన పత్రంలో తండ్రి పుట్టిన ఊరు మెర్రిగల్ అనే ఉంది. నామినేషన్ అప్పుడూ అదే రాశాను. నేను అబద్ధం ఆడలేదు."

"మీరు ఆడలేదు. మీ నాన్న ఆడాడు. ఆ రోజుల్లో సముద్రం దాటి రావడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. వచ్చాడు, ఉండిపోయాడు. పుట్టిన ఊరు నిజం చెప్తే షెడ్డు వెనక చీకట్లో ఎముకలు విరగ్గొట్టేవాళ్ళు. కాబట్టి ఇక్కడే పుట్టానన్నాడు. మీరు నమ్మారు. అందులో మీ తప్పు రవ్వంత లేదు."

"లేదు కదా," అంది.  "నాకేం తెలుసు? నేను ఆ దేశంలో అడుగు కూడా పెట్టలేదు. వాళ్ళ దగ్గర ఒక్క కాగితం అడగలేదు. ఇరవై ఏళ్ళు కష్టపడ్డాను. రాత్రికి రాత్రి ఒక ముసలాడు ఫోన్ చేసి నువ్వు ఈ దేశపు పార్లమెంటుకి పనికిరావు అంటే..."

ఆగిపోయింది. పెట్టేశానన్న ఫోనులో చాలానే విన్నట్టుంది. నేను చేతిలోని మిషను ఎత్తి చూపించాను.

"ఇదేంటో తెలుసా?"

దానికేసి ఒక్క చూపు చూసింది. "బెర్ట్‌ది."

"ఎలా తెలిసింది?"

"నాన్నది ఆ మొదటి మేకుకి ఉండేది. పోయిన ఏడు దాని కిందే నిలబడి ఎన్నికల ఫొటో తీయించుకున్నాను. పైన నాన్న పేరు కూడా ఉంది. చూడు." చెయ్యెత్తి అక్షరాలు చూపించింది, స్కూల్లో పిల్లలకి చూపించినట్టు.

ఊళ్ళో పుట్టిన మనిషి, ఏంగస్ టల్లక్ కూతురు. మూతి నాలుగు వేళ్ళ వెడల్పున్న దాన్ని నా చేతిలో చూసి కూడా ఆమెకి ఏమీ తట్టలేదు. నాకు జాలి వేసింది. ఆ వెంటనే భయం కూడా వేసింది. నేను ఎక్కడ నిలబడ్డానో చూసుకున్నాను. నా వెనక కంత, మడమ దగ్గర ఇనప పట్టీ. తలుపుకీ నాకూ మధ్య ఆమె.

"ఇది మీ నాన్నది," అన్నాను. "వెడల్పు దువ్వెన. న్యూజిలాండ్ దువ్వెన. ఆ మేకుకి ఉండేది బెర్ట్‌ది. ఆదివారం ఇక్కడికి వచ్చినవాళ్ళు అక్షరాలు చదివి తప్పుది పట్టుకెళ్ళారు."

 ఆమె చూపు దువ్వెన మీద ఆగింది. మొహంలోంచి రంగు మెల్లగా దిగిపోయింది. చేసిందంతా దండగ అయిందని తెలిసినప్పటి మొహం అది. హత్య కేసుల్లో ఒకటి రెండు సార్లు చూశాను.

"ఇలా ఇవ్వు," అంది.

"ఇవ్వను."

"మా నాన్నది. నాకు హక్కుంది." ఒక అడుగు ముందుకేసింది. "డెల్, నువ్వు నాకోసం పనిచేస్తున్నావు. మర్చిపోకు."

"నీ తమ్ముణ్ణి విడిపించమన్నావు. ఆ పనే చేస్తున్నాను." 'మీరు' ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియలేదు. "ఆదివారం కాన్‌బెర్రాలో ఉన్నానన్నావు. ఎవరు చూశారు నిన్ను?"

"చాలు."

"బెర్ట్‌తో మాట్లాడ్డానికే వచ్చావు. చంపడానికి కాదు. అది నేను నమ్ముతాను. బతిమాలావు, అతను వినలేదు, తోశావు. అదే మాట ఇప్పుడు మాడక్స్‌కి చెప్పు. డీన్‌ని ఇంటికి పంపిస్తారు."

"నువ్వు చెప్తే ఎవరు నమ్ముతారు? ఉద్యోగంలోంచి వెళ్ళగొడితే ఇలా బతుకుతున్నదానివి." ఇంకో అడుగు. "ఒక పాత ఇనప ముక్క. మురికిది. దీనికోసం నా బతుకు బుగ్గి చేస్తావా? ఇవ్వు."

వెళ్ళగొట్టలేదు, నేనే వదిలేశాను. అది చెప్పే సమయం కాదు. నా జేబులో ఫోన్ మోగింది. ఆమె మొహం మీంచి కళ్ళు తిప్పకుండా తీసి, ఆమెకి కూడా వినపడేలా పెట్టాను.

"నీ కథ అయిపోయింది డెల్," మాడక్స్ గొంతు గర్వంగా ఉంది. "డీన్ ఒప్పుకున్నాడు. బెర్ట్‌ని తనే తోశాడట. వాళ్ళ నాన్న మిషను తీసుకెళ్ళి నదిలో విసిరేశాడట. సంతకం కూడా పెట్టేశాడు."

రోండా కళ్ళు మూసుకుంది. ఊపిరి వదిలింది. తమ్ముడు జన్మంతా జైల్లో ఉండటానికి సంతకం పెట్టాడని వింటూ, ఆ మనిషి హమ్మయ్య అనుకుంది. నా కళ్ళారా చూశాను. అప్పటిదాకా ఉన్న కాస్త జాలి కూడా నాలో చచ్చిపోయింది.

"డీన్ ఎందుకు ఒప్పుకున్నాడో నీకు తెలుసు," అన్నాను ఆమెతో. "ఆదివారం పొద్దున నీ కారు గేటు దాటడం చూసి ఉంటాడు."

"వాడు నాకోసం ఏమైనా చేస్తాడు," అంది మెల్లగా. "చిన్నప్పట్నుంచీ అంతే. ఇవ్వు డెల్."

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు మాడక్స్.

"నేనడగమన్నది అడిగావా లైల్?"

అవతల కుర్చీ జరిగిన శబ్దం, తలుపు మూసిన శబ్దం. మళ్ళీ మాట్లాడినప్పుడు అతని గొంతులో గర్వం లేదు.

"అడిగాను. సంతకం అయ్యాక ఊరికే అడిగాను, నీ నోరు మూయిద్దామని. పోయింది మీ నాన్నది కాదు, బెర్ట్‌ది, మీ నాన్నది ఇంకా మేకు మీదే ఉంది అన్నాను. బల్ల మీద తల పెట్టుకుని ఏడవడం మొదలెట్టాడు. ఎంతకీ ఆపడు."

"ఏమన్నాడు?"

రోండా చెయ్యి మిషను కోసం చాచింది చాచినట్టే ఉంది.

"ఒకటే మాట, మళ్ళీ మళ్ళీ అదే అంటున్నాడు," అన్నాడు మాడక్స్. "మా అక్కకి నాన్నది ఏదో ఎప్పుడూ తెలీదు, అంటున్నాడు."